ఒకసారి వచ్చి తగ్గిన డెంగీ, రెండోసారి ఎందుకు ముదురుతుంది?

క్లుప్తంగా: డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం సోకి తగ్గితే ఆ రకం నుంచి జీవితాంతం రక్షణ ఉంటుంది, మిగతా మూడింటి నుంచి మాత్రం కొన్నాళ్ళే. ఆ తర్వాత వేరే రకం సోకితే పాత యాంటీబాడీలే ఒక్కోసారి వైరస్‌ను కణాల్లోకి చేరవేస్తాయి. ప్రాణం మీదకు తెచ్చేది చాలావరకు రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారిపోవడం, ప్లేట్‌లెట్ల సంఖ్య దాని తర్వాతే. అది కూడా జ్వరం విడిచే రోజుల్లోనే మొదలవుతుంది.

ఆటలమ్మ ఒకసారి పోస్తే మళ్ళీ పోయదని ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పే మాట దాదాపు నిజమే, తట్టు విషయంలో అయితే ఇంకా గట్టి నిజం. 1846లో ఫారో దీవుల్లో తట్టు ఊళ్ళకు ఊళ్ళను చుట్టేసినప్పుడు అక్కడికి వెళ్ళిన డెన్మార్క్ వైద్యుడు పీటర్ పానుమ్ ఒక సంగతి రాసిపెట్టాడు. 1781లో, అంటే 65 ఏళ్ళ కిందట, చిన్నతనంలో తట్టు వచ్చి తగ్గిన ముసలివాళ్ళకు ఈసారి రాలేదు. మధ్యలో ఆ దీవుల్లో తట్టు లేనే లేదు. ఒక్కసారి చూసిన వైరస్‌ను శరీరం అరవై ఏళ్ళు దాటినా గుర్తుపెట్టుకుందన్నమాట.

డెంగీ దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క తిరగబడుతుంది. వానలు మొదలై జ్వరాల సీజన్ రాగానే ఆసుపత్రుల్లో తరచూ వినపడే ప్రశ్న ఒకటుంది: "మూడేళ్ళ కిందటే వచ్చి తగ్గింది కదా, మళ్ళీ ఎందుకొచ్చింది? వచ్చినా తేలిగ్గా పోవాలి కదా, ఈసారి ఐసీయూ దాకా ఎందుకు పోయింది?" ఇది చాలా సరైన ప్రశ్న. దీనికి జవాబు వెతుక్కుంటూ పోతే రోగనిరోధక వ్యవస్థ ఎలా పనిచేస్తుందో తెలియడమే కాదు, ఎక్కడ పొరపాటు పడుతుందో కూడా తెలుస్తుంది.

## దోమ కుట్టిన చోట జరిగేది

డెంగీని మోసే ఏడిస్ ఈజిప్టై దోమ ఎక్కువగా పగటిపూట కుడుతుంది. రక్తం పీల్చేటప్పుడు దాని లాలాజలంతో పాటు వైరస్ చర్మంలోకి దిగుతుంది. చర్మంలో డెండ్రైటిక్ కణాలని కొన్ని కాపలా కణాలుంటాయి. కొత్తగా ఏది లోపలికొచ్చినా పట్టుకుని, ముక్కలు చేసి, ఆ ముక్కల్ని దగ్గర్లోని లింఫ్ గ్రంథికి తీసుకెళ్ళి చూపించడం వాటి పని. డెంగీ వైరస్ సరిగ్గా ఈ కాపలా కణాల్లోకే దూరుతుంది. వాటిలో పెరుగుతూ, అవి లింఫ్ గ్రంథికి వెళ్తుంటే వాటితోపాటే తనూ వెళ్తుంది.

అయితే కణం ఊరుకోదు. వైరస్‌లలో మాత్రమే కనపడే కొన్ని ఆనవాళ్ళను పసిగట్టే గ్రాహకాలు ప్రతి కణంలోనూ పుట్టుకతోనే ఉంటాయి. సూక్ష్మజీవులను ఇలా పసిగట్టే గ్రాహకాల మీద చేసిన పరిశోధనకే బ్రూస్ బ్యూట్లర్, జూల్స్ హాఫ్‌మన్‌లకు 2011 నోబెల్‌లో వాటా దక్కింది. వైరస్ ఆనవాలు దొరకగానే ఆ కణం ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్‌ను వదులుతుంది. అది చుట్టుపక్కల కణాలకు హెచ్చరిక; అందుకున్న కణాలు తమలో వైరస్ పెరగకుండా తలుపులు బిగించుకుంటాయి. ఇలాంటి రసాయనాలే రక్తంలో కలిసి మెదడుకు చేరి ఒంటి వేడిని పెంచుతాయి. డెంగీలో ఒళ్ళంతా విరిచేసినట్టు ఉండటం, కళ్ళ వెనక పోటు, లేవలేని నీరసం, వీటిలో ఎక్కువ భాగం శరీరం చేసే ఎదురుదాడి తాలూకు బాధే. తెల్లకణాలు తగ్గడంలో కూడా ఈ రసాయనాల పాత్ర ఉంది, ఎముక మజ్జ ఆ కొద్దిరోజులు పని తగ్గించేస్తుంది.

ఇది మొదటి అంచె. పుట్టుకతో వచ్చేది, గంటల్లోనే కదిలేది. కానీ వచ్చింది ఫలానా వైరస్ అని విడిగా గుర్తుపెట్టుకునే పని దీనిది కాదు.

## గజ్జల్లో బిళ్ళ కట్టేది ఇందుకే

కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. పన్ను చీము పడితే దవడ కింద కడుతుంది. చేతికి తడిమితే తెలిసే ఆ గట్టి బిళ్ళే లింఫ్ గ్రంథి, రెండో అంచె రక్షణ తయారయ్యేది అక్కడే. కణాలు రోజుల తరబడి అక్కడ విభజన చెందుతుంటే గ్రంథి ఉబ్బుతుంది.

అక్కడ జరిగేది నిజంగా అబ్బురం. ఒంట్లో యాంటీబాడీలు తయారుచేసే బి కణాలలో ఒక్కోదాని మీద ఉండే గ్రాహకం ఒక్కో ఆకారంలో ఉంటుంది. శత్రువు రాకముందే, ఏ శత్రువు వస్తాడో తెలియకుండానే, శరీరం కోట్ల రకాల ఆకారాలను సిద్ధం చేసి పెట్టుకుంటుంది. మన దగ్గర అన్ని జన్యువులు లేవు కదా, ఇన్ని ఆకారాలు ఎలా అంటే, ఉన్న కొద్ది జన్యు ముక్కలనే పేకముక్కలు కలిపినట్టు ఒక్కో కణంలో ఒక్కో రకంగా కలపడం వల్ల. దీన్ని నిరూపించిన జపాన్ శాస్త్రవేత్త సుసుము టోనెగావాకు 1987లో నోబెల్ వచ్చింది. వైరస్ ముక్క లింఫ్ గ్రంథికి రాగానే, దానికి అతికే ఆకారం ఉన్న కొద్ది కణాలు మాత్రమే మేల్కొంటాయి, వేలు లక్షలుగా పెరుగుతాయి. పెరిగేటప్పుడు చిన్నచిన్న మార్పులు జరుగుతాయి, బాగా అతికేవి మిగులుతాయి, సరిగా అతకనివి చచ్చిపోతాయి. చివరికి వాటిలోంచి యాంటీబాడీలు రక్తంలోకి వస్తాయి. దీనంతటికీ ఐదారు రోజుల నుంచి వారం దాకా పడుతుంది కాబట్టే మొదటిసారి వచ్చిన ఏ వైరల్ జ్వరమైనా ఆ మాత్రం రోజులు పీడిస్తుంది.

ఇక్కడే టి కణాలు కూడా పోరుకు సిద్ధమవుతాయి. వాటిలో కొన్ని వైరస్ దూరిన కణాలను వెతికి చంపుతాయి, కొన్ని బి కణాలకు సాయం చేస్తాయి. జబ్బు తగ్గాక చాలావరకు ఈ సైన్యం చచ్చిపోతుంది, కొన్ని కణాలు మాత్రం జ్ఞాపకంగా మిగులుతాయి. ఫారో దీవుల ముసలివాళ్ళను కాపాడింది ఇలాంటి జ్ఞాపకమే.

## రిపోర్టులో మూడు గీతలు

ఈ కథంతా డెంగీ ల్యాబ్ రిపోర్టు మీదే కనపడుతుంది. మూడు లైన్లుంటాయి: ఎన్ఎస్1, ఐజీఎమ్, ఐజీజీ. ఎన్ఎస్1 అనేది వైరస్ సోకిన కణాలు రక్తంలోకి వదిలే ప్రొటీన్, అంటే వైరస్ ఇప్పుడు ఒంట్లో పెరుగుతోందని. జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచే దొరుకుతుంది. ఐజీఎమ్ అనేది కొత్తగా తయారైన తొలి విడత యాంటీబాడీ, నాలుగైదు రోజులకు కనపడుతుంది. ఐజీజీ తర్వాత విడత. మొదటిసారి డెంగీ అయితే సాధారణంగా వారం దాటితే గానీ రాదు, వచ్చాక ఏళ్ళ తరబడి ఉంటుంది.

ఇప్పుడు జ్వరం మూడో రోజు ఇచ్చిన రిపోర్టు ఒకటి చూద్దాం. ఎన్ఎస్1 పాజిటివ్, ఐజీఎమ్ నెగెటివ్, ఐజీజీ పాజిటివ్. ఇంట్లోవాళ్ళు సాధారణంగా మొదటి లైను చూసి ఆగిపోతారు. ముఖ్యమైన సమాచారం మూడో లైనులో ఉంది. మూడు రోజుల్లో ఐజీజీ రావడం కుదరదు, కాబట్టి అది పాతది. ఈ మనిషికి ఇంతకుముందు డెంగీ వచ్చి ఉండాలి, లేదా అదే కుటుంబానికి చెందిన వైరస్ (మెదడువాపు కలిగించే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ లాంటిది), లేకపోతే దాని టీకా, ఒంటికి పరిచయమై ఉండాలి. ఇంకో తిరకాసు కూడా ఉంది. రెండోసారి వచ్చిన డెంగీలో పాత యాంటీబాడీలు ఎన్ఎస్1కు అతుక్కుపోవడం వల్ల ఆ టెస్టు ఒక్కోసారి నెగెటివ్ చూపిస్తుంది. ఎక్కువ జాగ్రత్త పడాల్సిన మనిషికే "డెంగీ కాదు" అనే కాగితం చేతికి వచ్చే అవకాశం ఉందన్నమాట. అందుకే లక్షణాలు డెంగీలాగే ఉంటే ఒక్క ఎన్ఎస్1 నెగెటివ్‌ని పట్టుకుని నిశ్చింతగా ఉండకూడదు.

## అరకొరగా అతికిన యాంటీబాడీ

యాంటీబాడీకి రెండు చేతులు, ఒక తోక ఉంటాయని అనుకుందాం. చేతులు వైరస్‌ను పట్టుకుంటాయి. తోక మాత్రం ఒక తరగతి యాంటీబాడీలన్నింటికీ దాదాపు ఒకేలా ఉంటుంది, అది ఒక పిడి లాంటిది. రక్తంలో తిరిగే మోనోసైట్లు, కణజాలాల్లో ఉండే మాక్రోఫేజ్‌లు ఆ పిడిని పట్టుకుని, యాంటీబాడీ అతికిన వస్తువును మింగి అరిగించేస్తాయి. మామూలుగా ఇది చక్కటి ఏర్పాటు.

డెంగీ వైరస్‌లో నాలుగు రకాల పైతొడుగులూ ఒకదానికొకటి పోలి ఉంటాయి, కానీ ఒకటి కావు. ఒకటో రకం సోకినప్పుడు తయారైన యాంటీబాడీ రెండో రకాన్ని కూడా పట్టుకోగలదు, పట్టు మాత్రం గట్టిగా ఉండదు. మొదటి జ్వరం తగ్గిన కొత్తలో యాంటీబాడీలు దండిగా ఉంటాయి కాబట్టి ఆ వదులు పట్టు కూడా సరిపోతుంది, మిగతా రకాల నుంచి కొన్ని నెలలు, ఒక్కోసారి రెండేళ్ళ దాకా కూడా రక్షణ ఉంటుంది. తర్వాత వాటి మోతాదు తగ్గుతుంది. అప్పుడు వేరే రకం వస్తే, వైరస్ మీద యాంటీబాడీలు అక్కడక్కడా అతుక్కుంటాయి, దాన్ని చంపడానికి చాలవు, కానీ తోకలు మాత్రం బయటికి పొడుచుకుని ఉంటాయి. మోనోసైట్ వచ్చి ఆ పిడి పట్టుకుని వైరస్‌ను లోపలికి లాక్కుంటుంది. డెంగీ వైరస్ పెరగడానికి ఇష్టపడే చోటు సరిగ్గా ఆ కణాలే. బేడీలు సరిగా వేయని దొంగను జీపెక్కించి తీసుకెళ్ళి నేరుగా ఆయుధాల గదిలో దింపినట్టు అవుతుంది పని.

వైరస్ సొంతంగా దూరగలిగిన కణాల కంటే ఇలా దూరే కణాలు ఎక్కువవుతాయి, రక్తంలో వైరస్ పెరుగుతుంది, దానికి తగ్గట్టు ఎదురుదాడి రసాయనాలు కూడా ఒక్కసారిగా ఎగసిపడతాయి. జ్ఞాపక కణాలు కూడా ఇందులో కొంత తప్పు చేస్తాయి: కొత్త రకానికి సరిపడే ఆయుధం నిదానంగా తయారు చేసే బదులు పాత రకానికి చేసిన ఆయుధాన్నే హడావిడిగా గుట్టలుగా తయారు చేస్తాయి. వైరస్ జాతి, వయసు, జన్యువులు, షుగర్ లాంటి జబ్బులు కూడా తీవ్రతను మారుస్తాయి కాబట్టి అంతా యాంటీబాడీల మీదే తోసేయలేం. కానీ వాటి పాత్రకు సాక్ష్యం చాలా గట్టిది.

## క్యూబాలో దొరికిన సాక్ష్యం

1960ల్లో బ్యాంకాక్‌లో పనిచేసిన అమెరికా వైద్యుడు స్కాట్ హాల్‌స్టెడ్, తీవ్రమైన డెంగీతో వచ్చే పిల్లల్లో రెండు గుంపులున్నాయని గమనించాడు. ఒకటి, రెండోసారి డెంగీ సోకినవాళ్ళు. రెండోది ఏడాది కూడా నిండని పసిపిల్లలు, వీళ్ళకు ఇదే మొదటిసారి. ఈ రెండో గుంపు దగ్గరే అసలు రహస్యం దొరికింది. తల్లికి ఎప్పుడో డెంగీ వచ్చి ఉంటే ఆమె ఐజీజీ మావి ద్వారా బిడ్డకు చేరుతుంది. పుట్టిన కొత్తలో ఆ యాంటీబాడీలు బిడ్డను కాపాడతాయి. ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య అవి బాగా పలచబడతాయి, బిడ్డకు ముప్పు ఎక్కువగా ఉండేది ఆ వయసులోనే. అంటే జబ్బు రాకుండానే, కేవలం అరువు తెచ్చుకున్న యాంటీబాడీలు మధ్యస్థంగా ఉండటమే చాలు.

క్యూబా అనుభవం ఇంకా స్పష్టమైనది. ఎన్నో ఏళ్ళు డెంగీ లేని ఆ దేశంలోకి 1977లో ఒకటో రకం వచ్చింది, జనాభాలో దాదాపు సగం మందికి సోకింది, జబ్బు తేలికగానే పోయింది. 1981లో రెండో రకం వచ్చింది. ఈసారి 3,44,203 కేసులు, వాటిలో 10 వేలకు పైగా తీవ్రమైనవి, 158 మరణాలు, చనిపోయినవాళ్ళలో 101 మంది పిల్లలు. తర్వాత క్యూబా దోమలను దాదాపు తుడిచిపెట్టింది, డెంగీ కనపడలేదు. 1997లో శాంటియాగో నగరంలో మళ్ళీ రెండో రకమే వచ్చింది. తీవ్రంగా జబ్బుపడినవాళ్ళు ఈసారి దాదాపు అందరూ పెద్దవాళ్ళే. డెంగీ ఎక్కువగా పిల్లల్ని కుదిపేస్తుందని అప్పటిదాకా ఉన్న అభిప్రాయానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. కారణం వయసులో లేదు, 1977 నాటి ఒకటో రకం యాంటీబాడీలు ఉన్నది ఆ పెద్దవాళ్ళ ఒంట్లోనే, 1981 తర్వాత పుట్టిన పిల్లలకు పాత యాంటీబాడీలే లేవు. ఇరవై ఏళ్ళు గడిచినా ముప్పు పోలేదు.

2017లో నికరాగ్వా పిల్లల రక్త నమూనాలను ఏళ్ళ తరబడి పరీక్షించి ప్రచురించిన అధ్యయనం ఈ లెక్కను ఇంకా తేల్చింది. యాంటీబాడీలు బాగా ఎక్కువున్నవాళ్ళకు రక్షణ ఉంది. అసలు లేనివాళ్ళకు తీవ్రత ముప్పు తక్కువే. మధ్యలో ఒక తక్కువ మోతాదు దగ్గర మాత్రం ముప్పు ఏడు రెట్లకు పైగా పెరిగింది.

## టీకా విషయంలో జరిగిన పొరపాటు

ఇదంతా ముందే తెలిసినా ఒక పెద్ద దెబ్బ తగిలింది. సనోఫీ సంస్థ తయారు చేసిన డెంగ్‌వాక్సియా టీకాకు 2015 చివర్లో తొలి అనుమతులు వచ్చాయి. 2016లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం బడిపిల్లలకు వేయడం మొదలుపెట్టి, 8 లక్షలకు పైగా పిల్లలకు వేసింది. 2017 నవంబరులో కంపెనీయే ప్రకటించింది: ఇంతకుముందు డెంగీ సోకనివాళ్ళకు ఈ టీకా వేస్తే, తర్వాత నిజమైన వైరస్ సోకినప్పుడు జబ్బు తీవ్రంగా మారే ముప్పు పెరుగుతోందని. అదివరకే సోకినవాళ్ళకు మాత్రం టీకా బాగానే పనిచేసింది. ఎందుకో ఇప్పుడు ఊహించడం కష్టం కాదు. డెంగీ ఎరగని ఒంటికి ఆ టీకా ఒక "మొదటి డెంగీ" లాగా పనిచేసింది, ఆ తర్వాత వచ్చిన అసలు జబ్బు రెండోది అయ్యింది.

తల్లిదండ్రుల్లో పుట్టిన భయం డెంగీ టీకా దగ్గర ఆగలేదు, మిగతా టీకాల మీదకూ పాకింది. 2019లో అక్కడ తట్టు పెద్ద ఎత్తున ప్రబలడానికి ఉన్న కారణాల్లో ఈ అపనమ్మకం ఒకటి. ఒక టీకా గురించి తొందరపడటం ఇంకో టీకా అందాల్సిన పిల్లల్ని దెబ్బతీసింది, ఇది బాధాకరమైన విషయం.

## జ్వరం విడిచాక మొదలయ్యే ప్రమాదం

మన దగ్గర డెంగీ అనగానే ఇంటిల్లిపాదికీ ఒకటే టెన్షన్, ప్లేట్‌లెట్లు. ఎంత కౌంటు, పొద్దున ఎంత, సాయంత్రం ఎంత, డోనర్ దొరికాడా. మజ్జ పని తగ్గడం వల్ల, యాంటీబాడీలు అతుక్కున్న ప్లేట్‌లెట్లను శరీరమే నాశనం చేయడం వల్ల సంఖ్య పడిపోయే మాట నిజం. కానీ చంపేది ఎక్కువగా వేరేది. రక్తనాళాల లోపలి గోడకు పలచటి చక్కెర పూత ఒకటి ఉంటుంది. ఎన్ఎస్1 ప్రొటీన్, ఎదురుదాడి రసాయనాలు కలిసి ఆ పూతను దెబ్బతీస్తాయి, గోడ జల్లెడలా మారి రక్తంలోని ద్రవం పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ కారిపోతుంది. నాళాల్లో రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది.

ఇది సాధారణంగా మూడో రోజు నుంచి ఏడో రోజు లోపు, సరిగ్గా జ్వరం విడిచేటప్పుడు మొదలై 24 నుంచి 48 గంటలు ఉంటుంది. జ్వరం తగ్గింది కదా అని ఇంటికి తీసుకెళ్ళేది కూడా అప్పుడే. ఆగకుండా కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, చేతులు కాళ్ళు చల్లబడటం, మూత్రం తగ్గడం, మనిషి మందంగా గానీ చిరాగ్గా గానీ మారిపోవడం, వీటిలో ఏది కనపడినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. రిపోర్టులో ప్లేట్‌లెట్ల పక్కన ఉండే పీసీవీ (రక్తంలో ఎర్రకణాల వాటా) అనే అంకెను కూడా చూడాలి. అది రోజురోజుకీ పెరుగుతుంటే రక్తం చిక్కబడుతోందని, అంటే ద్రవం కారుతోందని.

కౌంటు పడిపోయిందని ముందు జాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే ఉపయోగం ఉందా? సింగపూర్, మలేసియాల్లో 20 వేలు, అంతకంటే తక్కువ ఉన్న పెద్దవాళ్ళ మీద చేసి 2017లో ప్రచురించిన పరీక్షలో, రక్తస్రావాన్ని ఆపడంలో పెద్ద తేడా కనపడలేదు. రక్తం కారుతున్న మనిషికి ఎక్కించడం వేరే విషయం, అది డాక్టరు తేల్చాలి. బొప్పాయి ఆకు రసం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. దాదాపు ఏడెనిమిదో రోజుకు మజ్జ తనంతట తనే తేరుకుని కౌంటు పెరుగుతుంది, ఆరో రోజు ఏది తాగితే దానికి ఆ పేరు వస్తుంది. దాన్ని నమ్ముకుని ద్రవం కారడాన్ని కనిపెట్టకపోవడం ప్రమాదం. కారిన ద్రవం రెండు రోజుల్లో తిరిగి నాళాల్లోకి వస్తుంది కాబట్టి సెలైన్ మరీ ఎక్కువ ఎక్కించినా ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఇంకో ముప్పు. జ్వరానికి పారాసెటమాల్ వరకే, ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. వేళకు సరైన చూపు ఉంటే తీవ్రమైన డెంగీలో కూడా మరణాలు నూటికి ఒకటి కంటే తక్కువకు తగ్గుతాయి.

## మన దగ్గర దీని అర్థం

2017-18లో భారత వైద్య పరిశోధన మండలి 15 రాష్ట్రాల్లో 5 నుంచి 45 ఏళ్ళ మధ్య ఉన్న 12,300 మంది రక్తం పరీక్షిస్తే, 48.7 శాతం మందిలో డెంగీ యాంటీబాడీలు కనపడ్డాయి. దక్షిణాదిలో అది 76.9 శాతం. ప్రపంచ అంచనాల ప్రకారం డెంగీ సోకినవాళ్ళలో నలుగురిలో ముగ్గురికి చెప్పుకోదగ్గ లక్షణాలే ఉండవు. ఈ రెండూ కలిపి చూస్తే, "నాకు ఇదే మొదటిసారి" అని చెప్పే తెలుగువాళ్ళలో చాలామందికి శరీరం లెక్కలో ఇది రెండోసారి కావచ్చు. భయపడాల్సిన పనిలేదు, రెండోసారి సోకినా తీవ్రంగా మారేది కొద్దిమందికే. కానీ జ్వరం విడిచిన ఆ రెండు రోజులు అందరినీ ఒకేలా కనిపెట్టుకోవాలి.

ఇమ్యూనిటీ పెంచుతామంటూ అమ్మే పొడులు, సిరప్‌ల గురించి కూడా ఇక్కడి నుంచి ఆలోచించడం మంచిది. రోగనిరోధక శక్తి ట్యాంకులో నీళ్ళలాగా పెంచుకునేది కాదు. డెంగీ తీవ్రంగా మారిన మనిషిలో అది తక్కువేమీ లేదు, దండిగానే ఉంది, గురి మాత్రం కుదరలేదు.

గురి కుదిర్చే పని టీకాది. నాలుగు రకాలకూ ఒక్కసారే, ఒకే స్థాయిలో రక్షణ ఇవ్వాలి, ఏ ఒక్క రకానికి అరకొరగా ఇచ్చినా ఫిలిప్పీన్స్ కథే. మన దేశంలో పానసియా బయోటెక్ టీకా మీద భారత వైద్య పరిశోధన మండలితో కలిసి 2024 ఆగస్టులో మూడో దశ పరీక్షలు మొదలయ్యాయి, 10 వేల మందికి పైగా వాలంటీర్లను రెండేళ్ళ పాటు గమనించే ప్రణాళిక ఇది. ఫలితాలు వచ్చిన రోజు పత్రికల్లో "ఇంత శాతం సమర్థం" అని ఒకే అంకె పెద్ద అక్షరాల్లో వస్తుంది. చూడాల్సినవి దాని కింద ఉండే రెండు అంకెలు: నాలుగు రకాలకూ విడివిడిగా ఎంత, ఇంతకుముందు డెంగీ ఎరగనివాళ్ళలో ఎంత.